చట్టం లేని నగరాన్ని ఆట బల్ల మీద నిలబెట్టడం ఎలా

కొత్వాలు లేడు, న్యాయస్థానం లేదు, రాజు లేడు. ఎవరు ఎవర్నైనా పొడవొచ్చు, ఏదైనా ఎత్తుకుపోవచ్చు. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథను నడిపే టేబుల్‌టాప్ ఆటలకు ఇలాంటి నగరం తయారుచేసే గేమ్ మాస్టర్లు (ఆటను నడిపించేవాళ్లు) చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అలా ఆగిన నగరం రెండు సెషన్లకు, అంటే రెండు కూర్చోవడాలకు, మించి నిలవదు. అడిగేవాడే లేనప్పుడు దొంగతనంలో దడ ఉండదు, హత్యకు బరువు ఉండదు. మూడో సెషన్‌కల్లా ప్లేయర్లు కనబడ్డవాణ్ణల్లా నరికి జేబులు వెతుకుతుంటారు.

చట్టం లేని చోట కట్టుబాటు మరింత గట్టిగా ఉండాలి. అక్కడా ఎవరో నీళ్లు తోడుతున్నారు, ఎవరో పిండి తెస్తున్నారు, తెల్లారేసరికి వీధిలో పడున్న శవాలను ఎవరో తీసేస్తున్నారు. ఆ పనులు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే శాసనం. కాబట్టి మ్యాపు గీయడానికి ముందే, ఎవరు ఎవరికి ఎందుకు డబ్బు కడుతున్నారో రాసుకోవాలి. ఇక్కడ ఉదాహరణ కోసం కాకిరేవు అనే కల్పిత నగరాన్ని తీసుకుని మొదటి నుంచి కడదాం.

ఇంకా ఎవరూ ఎందుకు పట్టుకోలేదు?

చుట్టూ రాజ్యాలు ఉండగా ఈ ఒక్క ఊరు ఎలా మిగిలిపోయింది? దీనికి ఒక్క వాక్యంలో జవాబు దొరకాలి. నిజ చరిత్రలో దారులు ఉన్నాయి. బహామాస్‌లోని నసావు 18వ శతాబ్దం మొదట్లో సముద్రపు దొంగల స్థావరం. దాని రేవు లోతు తక్కువ, దొంగల చిన్న ఓడలు సులువుగా దూరేవి, పెద్ద యుద్ధనౌకలకు కష్టమయ్యేది. 1718లో బ్రిటన్ తరఫున వుడ్స్ రోజర్స్ గవర్నర్‌గా దిగినప్పుడు వెంట తెచ్చిన గొప్ప ఆయుధం రాజుగారి క్షమాభిక్ష. చాలామంది దొంగలు దానికే లొంగిపోయారు. హాంకాంగ్‌లోని కౌలూన్ కోట పేటది మరో దారి. 1898 ఒప్పందంలో బ్రిటన్‌కు లీజుకిచ్చిన నేల మధ్య ఆ ముక్క మీద మాత్రం చైనా తన హక్కు వదులుకోలేదు. అధికారం ఎవరిదో తేలక, ఇద్దరూ సరిగా పాలించలేదు. 2.6 హెక్టార్ల చోటులో 1987 నాటికి సుమారు 33,000 మంది ఉండేవారు. దాని కూల్చివేత 1993లో మొదలై 1994లో ముగిసింది.

ఒకటి నేల ఇచ్చిన రక్షణ, ఇంకొకటి ఇద్దరి తగాదా ఇచ్చిన రక్షణ. మూడోది అవసరం: పొరుగు రాజులకే దొంగసొత్తు మార్చుకోవడానికి ఒక చోటు కావాలి. మీ నగరానికి వీటిలో ఒక్కటే ఎంచుకోండి. మూడూ పెడితే నగరం ఎవరూ కదపలేని కొండ అవుతుంది, ప్లేయర్లు చేసే పనికి విలువ పోతుంది. ఆ కారణం పక్కనే, అది ఎలా కూలుతుందో కూడా రాయండి. కాకిరేవుకి నది ముఖద్వారంలో కదిలే ఇసుక దిబ్బలే కోట. దారి తెలిసినవాళ్లు అక్కడి సరంగులు మాత్రమే. ఒక సరంగు ఆ దారిని గీసి రాజుకి అమ్మితే ఊరు పోయినట్టే. క్యాంపెయిన్ (సెషన్ల వెంట సాగే ఒకే పెద్ద కథ) చివర్లో జరగాల్సిన పెద్ద విషయం మీకు ఇప్పుడే దొరికింది.

నాలుగు ముఠాలు, నాలుగు కార్డులు

ముఠాలు నాలుగు చాలు. నాలుగు ముఠాల మధ్య జతలు 6. ఎవరికి ఎవరితో పొత్తు, ఎవరితో పగ అన్నది అన్నింటినీ గుర్తుపెట్టుకోవచ్చు. ఆరు ముఠాలు పెడితే జతలు 15 అవుతాయి. అప్పుడు ప్లేయర్లే కాదు, గేమ్ మాస్టర్ కూడా నోట్సు తిరగేయకుండా మాట్లాడలేడు. ఇక్కడ పడే తప్పులే ఎక్కువ: పేర్లు ఘనంగా, వేషాలు వింతగా, చేతిలో పని మాత్రం శూన్యం. ముఠాను పేరుతో మొదలుపెట్టకండి, జనం బతకడానికి కావలసిన వస్తువుతో మొదలుపెట్టండి.

కాకిరేవులో సరంగుల చేతిలో రాకపోకలు ఉన్నాయి. బావివాళ్ల చేతిలో మంచినీళ్లు. తాకట్టు కొట్టువాళ్ల దగ్గర అందరి అప్పు పత్రాలూ ఉన్నాయి. బూడిదవాళ్లు శవాలు తీసి కాలుస్తారు, అందుకే ఊళ్లో ఏ హత్య ఎలా జరిగిందో ముందు వాళ్లకే తెలుస్తుంది. ఈ నాలుగోదాన్ని చూడండి: అందరూ దూరంగా ఉంచేవాళ్లు, బలగం లేనివాళ్లు, కానీ అన్ని రహస్యాలూ వాళ్ల దగ్గరే. ప్లేయర్లు తలుపు తట్టాలనుకునేది ఇలాంటివాళ్ల దగ్గరే.

ఒక్కో ముఠాకు ఒక్కో కార్డు. దాని మీద నాలుగు వరుసలు: ఏం అమ్ముతారు, ఎవరికి బాకీ ఉన్నారు, వాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఎవరు, చచ్చినా చెయ్యని పని ఏది. చివరి వరుస ఖాళీగా వదిలేస్తే ముఠాలన్నీ ఒకే ముఖంతో కనిపిస్తాయి. బావివాళ్లు నీళ్ల ధర పెంచుతారు, బాకీదారు ఇంటికి నీళ్లు ఆపేస్తారు, కానీ నీళ్లలో విషం మాత్రం ఎంత డబ్బిచ్చినా కలపరు. అలా కలిపించాలని ఎవరైనా ప్లేయర్లను పురమాయిస్తే ఏమవుతుంది? కథ అక్కడ తనంతట తానే నడుస్తుంది.

రాయని కట్టుబాట్లు మూడు

దొంగలు కూడా రాతకోతలు లేకుండా బతకలేదు. సముద్రపు దొంగ బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడలో నియమాల పత్రం ఉండేది: రాత్రి 8 గంటలకు దీపాలు ఆర్పాలి, దోపిడీలో కెప్టెన్‌కూ, అతని తర్వాతి స్థానంలో ఉండే క్వార్టర్‌మాస్టర్‌కూ రెండేసి వాటాలు, ఒకరినొకరు ఓడ మీద కొట్టుకోకూడదు, తగువు ఒడ్డుకు దిగి తేల్చుకోవాలి. ఎందుకు పనికొస్తుందో ఒక్కో నియమాన్ని చూస్తేనే తెలిసిపోతుంది: ఓడ తగలబడకూడదు, వాటాల దగ్గర గొడవ రాకూడదు, సిబ్బంది చీలిపోకూడదు. మీ నగరంలో కట్టుబాట్లు కూడా ఇలా అవసరంలోంచే పుట్టాలి.

కాకిరేవులో మూడు: వంతెన మీద కత్తి దూయకూడదు, ఎందుకంటే నాలుగు ముఠాల సరుకూ దాని మీదుగానే పోవాలి. చచ్చినవాడి అప్పు వాడి వస్తువులు తీసుకున్నవాడిది. సరంగు పడవలో ఉన్నంతసేపు పగ లేదు. రెండోదాని బలం గమనించండి. చచ్చినవాడి జేబు కొట్టాలంటే వాడి బాకీలు కూడా మోయాలి. శవాల మీద పడి దోచుకునే అలవాటు ప్లేయర్లకు ఒక్క సెషన్‌లో తగ్గిపోతుంది, మీరు ఒక్క మాట కూడా అననక్కర్లేదు.

కట్టుబాటును చదివి వినిపిస్తే ఎవరికీ గుర్తుండదు. మొదటి అరగంటలోనే ఎవరో దాన్ని మీరి శిక్ష పడటం ప్లేయర్ల కళ్ల ముందు జరగాలి. వంతెన మీద ఒకడు కత్తి తీస్తాడు. అప్పటిదాకా పోట్లాడుకుంటున్న రెండు ముఠాల మనుషులూ కలిసి వాణ్ణి నదిలోకి తోసి, మళ్లీ ఎవరి బస్తాలు వాళ్లు ఎత్తుకుంటారు. అంతే చాలు. ఇది చూపించకుండా, ప్లేయర్లు తెలియక మీరిన నియమానికి శిక్ష వేస్తే మాత్రం వాళ్లకు అన్యాయమనిపిస్తుంది, ఆ కోపం ఆట మీద పడుతుంది.

పగ చక్రం

పోలీసులు లేని చోట తప్పుకు ఫలితం ఎక్కడి నుంచి రావాలి? ప్రతి ముఠా కార్డు వెనుక ఒక గుండ్రం గీసి ఆరు ముక్కలు చెయ్యండి. ముఠా సొత్తు దొంగిలిస్తే ఒక ముక్క నింపాలి. వాళ్ల తరఫు మనిషిని నలుగురిలో అవమానిస్తే ఒకటి. వాళ్ల మనిషిని చంపితే రెండు, బహిరంగంగా చంపితే మూడు. మూడు ముక్కలు నిండితే ఆ ముఠా సరుకు ధర ప్లేయర్లకు రెట్టింపు. ఐదు నిండితే మాట్లాడటానికి ఒక మనిషి వస్తాడు. ఆరు నిండితే ఇక మాటలుండవు. గొడవ లేకుండా ఒక వారం గడిస్తే ఒక ముక్క చెరిపెయ్యండి.

ఐదో ముక్క దగ్గర వచ్చే మనిషే ఈ చక్రానికి ప్రాణం. వాడు బెదిరించడానికి రాకూడదు, లెక్క తేల్చడానికి రావాలి: ఇంత డబ్బు, లేదా ఫలానా పని. ఆ పనే తర్వాతి సెషన్. చక్రాన్ని ప్లేయర్లకు కనబడేలా బల్ల మీదే పెట్టండి. దాచిపెడితే ఆరో ముక్క నిండినప్పుడు అది ఫలితంలా ఉండదు, గేమ్ మాస్టర్ కక్షలా కనిపిస్తుంది.

డబ్బు ఎప్పుడూ కొంచెం తక్కువ

ఇలాంటి నగరంలో కథను నడిపేది ఆకలి. మనిషికి వారానికి పడకకు 2 నాణేలు, నీళ్లకు 1, ముఠాకు కట్టే మామూలు 1 అనుకోండి. నలుగురికి వారానికి 16, రెండు వారాలకు 32. రెండు వారాలు పట్టే ఒక సాధారణ పనికి కూలి 30 పెట్టండి. రెండో వారం ముగిసేసరికి సరిగ్గా 2 నాణేలు తక్కువ పడతాయి. ఆ రెండు నాణేల కోసం ఎవరి దగ్గర చెయ్యి చాచాలా అన్నదే ప్లేయర్లు మాట్లాడుకోవాల్సిన విషయం. పెద్ద నిధి ఒకటి ముందే చేతికిచ్చేస్తే నగరం వాళ్లకు అలంకారంగా మిగిలిపోతుంది.

మామూలు వసూలు చేసేవాడికి పేరు, ముఖం, ఒక చిన్న కష్టం ఇవ్వండి. ప్రతి వారం వచ్చే మనిషి అతను. నాలుగైదు సెషన్లకు ప్లేయర్లకు ఆప్తుడో శత్రువో అయిపోతాడు, ఏదైనా మంచిదే.

మ్యాపు

ఐదు పేటలు, వాటి మధ్య ఇరుకు దారులు మూడు. ఊరంతా గీయకండి. ఒక్కో పేటకు ఒక వాసన, ఒక చప్పుడు, మామూలు ఎవరికి కట్టాలో రాసుకుంటే చాలు. ఇరుకు దారుల మీద మాత్రం శ్రద్ధ పెట్టండి: వంతెన, రేవు మెట్లు, గోడలో పగులు. ఎక్కడికి పోవాలన్నా ఎవరో ఒకరిని దాటాల్సిందే అన్నప్పుడే దారి కూడా ఒక సన్నివేశం అవుతుంది.

వీధిలో ఎదురయ్యే సంఘటనలకు రెండు ఆరు ముఖాల డైస్ కలిపి వెయ్యండి. 7 రావడానికి 36లో 6 అవకాశాలు ఉన్నాయి, 2కీ 12కీ ఒక్కొక్కటే. 6, 7, 8 కలిపితే 16, అంటే దాదాపు సగం. అక్కడ రోజువారీ విషయాలు పెట్టండి: నీళ్ల వరస దగ్గర తోపులాట, బాకీదారుణ్ణి వెతుకుతున్న మనిషి, బూడిదవాళ్ల బండి. ఊరిని కుదిపేవాటిని 2కీ 12కీ ఉంచండి. ఒకే డైస్ వాడితే అరుదైనదీ రోజూ జరిగేదీ ఒకే లెక్కన వచ్చి, ఊరు రోజూ తగలబడుతూనే ఉంటుంది.

ఆటకు ముందు మాట్లాడుకోవాల్సినవి

బానిసత్వం, లైంగిక హింస, పిల్లల మీద క్రూరత్వం: ఇలాంటి ఊళ్లో ఇవి అడక్కుండానే వచ్చి కూర్చుంటాయి. వేటిని అసలు తేకూడదో, వేటిని తెర వెనుక ఉంచాలో మొదటి సెషన్‌కు ముందే అందరూ తేల్చుకోండి. బల్ల మధ్య ఒక కార్డు పెట్టండి. ఎవరైనా దాన్ని తాకితే ఆ సన్నివేశం అక్కడితో ఆగాలి, ఎందుకని అడగకూడదు. ప్లేయర్లు ఒకరి పాత్రను మరొకరు మోసం చేయొచ్చా లేదా అన్నది కూడా ఇప్పుడే తేలాలి. దీన్ని గాలికొదిలేసిన ఆటలు బయట స్నేహాలను చెడగొడతాయి.

అదే కూర్చోవడంలో ప్రతి ప్లేయర్‌నూ రెండు అడగండి: మీ పాత్ర ఎవరికి బాకీ? మీ పాత్రకు ఎవరు బాకీ? నలుగురుంటే ఎనిమిది మంది మనుషులు దొరుకుతారు. వాళ్లను నాలుగు కార్డులకూ పంచితే, ప్లేయర్లు ఊరి గేటు దాటకముందే ఊరికి ముడిపడిపోతారు.

అందరూ ద్రోహులైతే

గేమ్ మాస్టర్లు తరచూ జారిపడే చోటు ఇది. కనబడ్డ ప్రతివాడూ వెన్నుపోటు పొడిస్తే ప్లేయర్లు మూడోసారికల్లా ఎవరితోనూ మాట్లాడరు, నేరుగా కత్తి తీస్తారు. చట్టం లేని చోట పత్రం చెల్లదు, సాక్ష్యం చెల్లదు. మనిషి మాట ఒక్కటే చెల్లుతుంది. అందుకే వ్యాపారం చేసుకు బతికేవాళ్లు మాట తప్పడానికి భయపడతారు. మీరు తయారుచేసే ప్రతి ముగ్గురిలో ఒకడు అన్నమాట అక్షరాలా నిలబెట్టుకునేవాడై ఉండాలి, మరొకడు తన లాభం ఉన్నంతవరకే నిలబెట్టుకునేవాడు, మూడోవాడు తప్పేవాడు. నమ్మదగినవాడు ఎవరో వెతకడం అప్పుడు ఆటలో భాగమవుతుంది. కత్తులు బయట వదిలి కూర్చునే చోటు కూడా ఒకటి కావాలి. వైద్యుడి ఇల్లు అందుకు బాగుంటుంది: రేపు ఆ మంచం మీద ఎవరు పడుకోవాల్సి వస్తుందో ఎవరికీ తెలియదు గనక దాన్ని ఎవరూ చెడగొట్టుకోరు.

సెషన్‌కూ సెషన్‌కూ మధ్య

పావుగంట పని. ప్రతి ముఠాకు ఒక కోరిక, దానికి నాలుగు, ఆరు, లేదా ఎనిమిది ముక్కల గుండ్రం. ఒక్కో ముఠాకు ఒక డైస్ వెయ్యండి. 1, 2 వస్తే పని ముందుకు కదల్లేదు. 3 నుంచి 5 అయితే ఒక ముక్క, 6 అయితే రెండు. ఈ లెక్కన ఆరు ముక్కల కోరిక తీరడానికి సగటున ఏడు సెషన్లకు పైగా పడుతుంది. ప్లేయర్లు పసిగట్టి అడ్డుపడటానికి అది చాలినంత సమయం. కదిలిన ప్రతిదాన్నీ వచ్చే సెషన్‌లో పుకారుగా చెవిన వేయండి. మూడు పుకార్లలో రెండు నిజం, ఒకటి వంకర తిరిగిన నిజం. పూర్తి అబద్ధాలు వద్దు, వాటి వెంటపడిన సమయమంతా వృథా అయిందని ప్లేయర్లు నొచ్చుకుంటారు.

ప్లేయర్లు ఏదో ఒకరోజు ఒక బావినో, మెట్ల వరసనో తమ చేతిలోకి తీసుకుంటారు. అప్పుడు వాళ్లకూ ఒక ఖాళీ కార్డు, ఒక గుండ్రం ఇవ్వండి. మామూలు ఎంతో వాళ్లనే నిర్ణయించమనండి. కట్టలేని ఇంటిని ఏం చేస్తారో అడగండి. చచ్చినా చెయ్యని పని ఏదో ఆ నాలుగో వరుసలో వాళ్ల చేతే రాయించి, తర్వాతి సెషన్‌లో సరిగ్గా ఆ పనే అడగడానికి ఒకణ్ణి పంపండి.