పారామీటర్‌కి పేరు పెట్టే ముందు పిలిచేవాళ్ల వైపు నుంచి చూడండి

ఫంక్షన్ (ప్రోగ్రామ్‌లో ఒక పని చేసే కోడ్ ముక్క) రాసేటప్పుడు లోపల ఏం జరుగుతుందో మనకు తెలుసు కాబట్టి దాని పారామీటర్లకి, అంటే అది తీసుకునే విలువలకి, ఎక్స్, డేటా, వ్యాల్ అని చేతికొచ్చిన పేరు పెట్టేస్తాం. దాన్ని పిలిచేవాళ్లకి, అంటే తమ కోడ్‌లో వాడుకునేవాళ్లకి, ఆ లోపలిది కనపడదు, ఎడిటర్‌లో బ్రాకెట్ తెరవగానే కనిపించే పేర్లే వాళ్లకి ఆధారం.

చిత్తూరులో మా బంధువుల మామిడి మండీకి ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. ఫంక్షన్ పేరు బిల్, పారామీటర్లు వెయిట్, రేట్. అక్కడ తోతాపురి తూకం కిలోల్లో రాసుకుంటారు, రేటు మాత్రం టన్ను లెక్కన మాట్లాడుకుంటారు. కొన్నాళ్ల తర్వాత ఇంకో ఫైల్ నుంచి అదే ఫంక్షన్‌ని పిలుస్తూ కిలో రేటు పంపాల్సిన చోట టన్ను రేటు పంపాను, మొత్తం వెయ్యి రెట్లు వచ్చింది. ప్రింట్ తీయకముందే చూశాం కాబట్టి సరిపోయింది. అందుకే కొలత ఉన్న ప్రతి పారామీటర్‌కీ యూనిట్ పేరులోనే ఉండాలి: వెయిట్_కేజీ, రేట్_పర్_కేజీ, టైమౌట్_సెకండ్స్. పేరు పొడుగైపోతుందని వెనకాడకండి. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి యూనిట్ల తేడాతోనే, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన విలువల్ని ఇంకోటి న్యూటన్ల లెక్క అనుకుంది.

ఆ పనిలో ఉన్నవాళ్లు వాడే మాటే పేరుగా పెట్టండి. మండీలో తరుగు అంటే తూకంలో కోసే కిలోలు, దానికి డిస్కౌంట్ అని పేరు పెడితే చదివేవాడు డబ్బులు అనుకుంటాడు. తరుగు_కేజీ అని రాయడానికి మొహమాటం ఎందుకు?

ట్రూ, ఫాల్స్ పంపే చోట ఇంకా జాగ్రత్త. సేవ్(బిల్లు, ట్రూ) అని చూస్తే ఏది ట్రూ? పైథాన్ 3లో ఆ పారామీటర్ ముందు విడిగా ఒక నక్షత్రం గుర్తు, కామా (*,) పెడితే పిలిచేవాళ్లు ప్రింట్_కాపీ=ట్రూ అని పేరుతో సహా రాయక తప్పదు, నాకైతే ఇది చాలా ఇష్టం.

తిరుపతి నుంచి తిరుమలకి బస్సు ఛార్జీ లెక్కేసే ఫంక్షన్ రాస్తుంటే ఫ్రమ్ అని పెట్టబోతారు, పైథాన్‌లో అది రిజర్వ్‌డ్ పదం (భాష తన కోసమే ఉంచుకున్నది), కుదరదు. చివర అండర్‌స్కోర్ తగిలించమని పైథాన్ కోడ్ రాసే పద్ధతులు చెప్పే పెప్ 8 అంటుంది కానీ ఆరిజిన్ అంటే ఇంకా బాగుంటుంది. పైథాన్‌లో స్నేక్ కేస్ (పదాల మధ్య అండర్‌స్కోర్), జావాలో క్యామెల్ కేస్ (తర్వాతి పదం పెద్దక్షరంతో మొదలు), ఇందులో వాదన అక్కర్లేదు, ఆ ప్రాజెక్ట్‌లో ఏది ఉంటే అదే.

పాత పేరు మార్చాలనిపిస్తే ముందు ప్రాజెక్ట్ మొత్తం వెతకండి. పైథాన్‌లో ఎవరైనా రేట్=28 అని పేరుతో పిలిచి ఉంటే, మీరు పేరు మార్చగానే వాళ్ల కోడ్ టైప్ ఎర్రర్‌తో ఆగిపోతుంది.