తొలి ఇంటర్వ్యూకు ముందు సరిచూసుకోవలసినవి

డిగ్రీ గానీ బీటెక్ గానీ పూర్తిచేసి విజయవాడ, గుంటూరు ప్రాంతంలో మొదటి ఉద్యోగం వెతుక్కునేవారు రెజ్యూమే రాయడానికి ముందు, ఎలాంటి ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారో తేల్చుకోవాలి. గన్నవరం దగ్గర కేసరపల్లిలోని ఐటీ సంస్థలు అడిగే తీరు వేరు, ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణమో బాడీ బిల్డింగ్ షెడ్డో నడిపే యజమాని అడిగే తీరు వేరు, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల వ్యాపారం చేసే వర్తకుడు లెక్కల గుమస్తాను ఎంచుకునే తీరు వేరు. ఒకే కాగితాన్ని యాభై చోట్లకు పంపి, ఎవరూ పిలవలేదని బాధపడేవారిలో చాలామంది ఈ తేడాను పట్టించుకోనివారే.

మొదటి ఉద్యోగానికి రెజ్యూమే ఒక పేజీ దాటనక్కరలేదు. పైన పేరు, ఫోన్ నంబరు, మీ పేరుతోనే ఉన్న ఈమెయిల్, ఆ కింద చదువు, చేసిన ప్రాజెక్టు లేదా ఇంటర్న్‌షిప్, చేతనైన పనులు ఉంటే చాలు. ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అన్న శీర్షిక కింద సీనియర్ల నుంచి జూనియర్లకు వారసత్వంగా వస్తున్న నాలుగు పంక్తులను చదివే ఓపిక ఎవరికీ లేదు. తండ్రి పేరు, మతం, చివర ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న వాక్యం కూడా, సంస్థ ప్రత్యేకంగా అడిగితే తప్ప, ప్రైవేటు ఉద్యోగానికి అవసరం లేదు. ఆ చోటును ఒక నిజమైన పనికి కేటాయించండి. ఎక్సెల్ వచ్చునని రాసి ఊరుకోవడం కంటే, కాలేజీ ఉత్సవానికి వసూలైన చందాలనూ ఖర్చులనూ ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పద్దులవారీగా మొత్తాలు తేల్చే పట్టిక) వేసి లెక్క తేల్చానని రాస్తే, అడిగేవారికి ప్రశ్న దొరుకుతుంది, మీకు జవాబు సిద్ధంగా ఉంటుంది. రెజ్యూమేలో ఉన్న ప్రతి మాట మీద అయిదు నిమిషాలు మాట్లాడగలగాలి, మాట్లాడలేనిదాన్ని కొట్టివేయాలి.

ఈ కొలతకు మొదట దొరికిపోయేది చివరి ఏడాది ప్రాజెక్టు. దాన్ని డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు మన దగ్గర ఉందన్న సంగతి ఇంటర్వ్యూ చేసేవారికి బాగా తెలుసు. అందుకే వారు ప్రాజెక్టు పేరు అడిగి ఆగరు. ఈ పట్టికలో ఈ గడి ఎందుకు పెట్టారు, లాగిన్ పనిచేయకపోతే ముందుగా ఎక్కడ వెతికారు, నలుగురి బృందంలో మీ వంతు ఏమిటి అని తవ్వుతారు. కొన్న ప్రాజెక్టే అయినా ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. దాన్ని విప్పి, నడిపించి, ఒక చిన్న మార్పు సొంతంగా చేసి, ఆ మార్పు మేరకే మీదని చెప్పండి. సాధనకు ఒక పద్ధతి చెబుతాను. ఆ ప్రాజెక్టు ఏం చేస్తుందో ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పండి. ఆమె మధ్యలో ఆపి ‘అయితే దీనివల్ల ఎవరికి ఉపయోగంరా?’ అని అడిగితే, ఇంటర్వ్యూలో రాబోయే ప్రశ్న కూడా దాదాపు అదే. తెలుగులో తేటపడిన విషయాన్ని ఇంగ్లీషులోకి తేవడం కష్టం కాదు, ఇంగ్లీషులో బట్టీ పట్టినది మాత్రం మొదటి ఎదురు ప్రశ్నకే చెదిరిపోతుంది.

కామర్స్ చదివినవారికి పరీక్ష ఇంకోలా ఉంటుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వచ్చునన్న అభ్యర్థి ముందు ఒక కొనుగోలు బిల్లు పెట్టి, ఎంట్రీ ఎలా వేస్తావని అడగడం మామూలే. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11లోగా, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బిని 20లోగా దాఖలు చేయాలనీ, సాధారణంగా 50,000 రూపాయలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు (ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా పత్రం) కావాలనీ తెలిసిన కుర్రవాడు, ఎక్కువ మార్కులు తెచ్చుకుని ఈ సంగతి తెలియనివాడి కంటే ముందుంటాడు. తెలియనిది వస్తే ‘ఇది నాకు తెలియదండీ, ఫలానా వరకు చేశాను’ అని చెప్పడమే మేలు.

సర్టిఫికెట్లలో పేరు సంగతి చాలామంది చివరి నిమిషం దాకా చూసుకోరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది, పాన్ కార్డులో పేరు చివరకు చేరి ఉంటుంది. ఉద్యోగంలో చేరాక పీఎఫ్ (భవిష్య నిధి) ఖాతా వివరాలు ఆధార్‌తో సరిపోలాలి కాబట్టి అప్పుడు చిక్కు మొదలవుతుంది. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని మిగిలినవాటిని ఇప్పుడే దిద్దించుకోండి. ఆధార్‌లో పేరు మార్పుకు మామూలుగా రెండుసార్లే అవకాశం ఉంటుంది గనుక, ఆ రోజు అక్షరాలను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

గుంటూరు నుంచి గన్నవరం వైపు వెళ్లేవారు కృష్ణానది మీది వారధి దగ్గరా బెంజిసర్కిల్ దగ్గరా పట్టే ఆలస్యాన్ని లెక్కలో వేసుకుని బయలుదేరాలి. ఎండాకాలమైతే ఇస్త్రీ చొక్కా ఇంకొకటి సంచిలో ఉంచుకోవడం అతి జాగ్రత్త ఏమీ కాదు.

ఎంపికయ్యామని ఫోన్ వచ్చాక, మీ కాగితాన్ని వారు పరీక్షించినట్లే వారి కాగితాన్ని మీరు పరీక్షించాలి. రిజిస్ట్రేషన్ అనో శిక్షణ డిపాజిట్ అనో ముందుగా డబ్బు అడిగిన చోట ఆగిపోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, నకళ్లు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం అక్కడ వదిలి రాకండి. జీతం 20,000 అంటే చేతికి వచ్చేదా, సీటీసీనా (మీ మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చా) అని మర్యాదగా అడగండి. సీటీసీ అయి, పీఎఫ్ లెక్కకు తీసుకునే వేతనం 10,000 అయితే, 12 శాతం చొప్పున సంస్థ వాటా 1,200, మీ వాటా మరో 1,200 అందులోంచే పోతాయి. ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐకి సంస్థ కట్టే 3.25 శాతం, మీరు కట్టే 0.75 శాతం, వృత్తి పన్ను 150 కూడా తీసివేస్తే చేతికి సుమారు 16,700 వస్తుంది. గుంటూరు నుంచి రోజూ తిరగాలా, విజయవాడలో గది తీసుకోవాలా అన్నది ఆ 16,700 మీద లెక్క వేసుకుని, ఆ తరువాతే ఆఫర్ లెటర్ మీద సంతకం చేయండి.