చిటికెన వేలు నాలుగో ఫ్రెట్‌కి అందడం లేదా?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, మారతహళ్ళి పీజీ గదుల్లో రాత్రిపూట గిటార్ పట్టుకునే మనవాళ్ళకి ఎదురయ్యే ఇబ్బందులివి. నా వేళ్ళు పొట్టివి, ఇక నాకు రాదు అని వదిలేయకండి. చాలామంది విషయంలో తప్పు వేళ్ళది కాదు, చేతిని పెట్టే తీరుది.

సమస్య: చూపుడు వేలు ఒకటో ఫ్రెట్ (గిటార్ మెడ, అంటే నెక్ మీద, కమ్మీల మధ్య ఉండే గడి) మీద ఉంటే చిటికెన వేలు నాలుగోదాన్ని అందుకోదు.

కారణం: బొటనవేలు నెక్ పైకి ఎక్కి ఉంటుంది, అరచెయ్యి నెక్‌కి అతుక్కుని ఉంటుంది. అలా పట్టుకుంటే వేళ్ళు విచ్చుకోవడానికి చోటే ఉండదు. మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఫ్రెట్లు కనబడాలని గిటార్‌ని ఒళ్ళో వెల్లకిలా వాల్చుకుంటే మణికట్టు ఇంకా వంగిపోతుంది.

పరిష్కారం: చేతులు లేని కుర్చీలో కూర్చోండి. నెక్ చివర కాస్త పైకి లేచి ఉండాలి. బొటనవేలిని నెక్ వెనక మధ్యలోకి, మధ్యవేలికి ఎదురుగా దింపండి. అరచేతికీ నెక్‌కీ నడుమ సందు ఉండాలి, మణికట్టు వీలైనంత తిన్నగా ఉండాలి.

తర్వాత సాధన ఒకటో ఫ్రెట్ దగ్గర కాదు, ఏడో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టండి. 648 మిల్లీమీటర్ల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న గిటార్‌లో ఒకటో ఫ్రెట్ వెడల్పు దాదాపు 36 మిల్లీమీటర్లు, ఏడోది 26 లోపే. సన్న తీగ మీద 7, 8, 9, 10 ఫ్రెట్లలో ఒక్కో వేలు వరసగా పెట్టండి. కొత్త వేలు దిగేటప్పుడు పాతది లేవకూడదు. మెట్రోనోమ్‌ని (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్లలో ఉంచి, రెండు బీట్లకి ఒక స్వరం చాలు. ఉంగరం వేలు, చిటికెన వేలు విడివిడిగా కదలడం కష్టం, వాటి స్నాయువులకి లోపల లంకె ఉంటుంది. అక్కడ తొందరపడొద్దు. నాలుగు స్వరాలూ బిగపట్టకుండా శుభ్రంగా పలికాకే ఆరో ఫ్రెట్‌కి దిగండి. అయిదు నిమిషాలు చేసి చేతిని కిందికి వేలాడేసి వదులు చెయ్యండి. రెండో చేత్తో వేళ్ళని లాగి సాగదీయడం మాత్రం వద్దే వద్దు.

సమస్య: గట్టిగా నొక్కితే గానీ స్వరం పలకదు, వెంటనే చెయ్యి లాగేస్తుంది.

కారణం, పరిష్కారం: వేలు ఫ్రెట్ కమ్మీకి దూరంగా పడుతుండవచ్చు, దాని పక్కకే జరపండి. అయినా అంతే ఉంటే తీగలు ఎత్తుగా ఉన్నాయేమో షాపులో చూపించి సెటప్ చేయించండి, అంటే వాటి ఎత్తు సరిచేయించండి.

సమస్య: మణికట్టులో నొప్పి, వేళ్ళలో తిమ్మిరి.

రోజంతా లాప్‌టాప్ మీద పనిచేసిన చేతినే మళ్ళీ సాగదీస్తున్నారని గుర్తుంచుకోండి. కాస్త విరామం ఇచ్చి, డిసెంబరు చలిలో అయితే గోరువెచ్చని నీళ్ళతో చేతులు కడుక్కుని మొదలుపెట్టండి. కండరం అలసిపోతే కాసేపట్లో తగ్గిపోతుంది. పోటు, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం అలసట కాదు, ఆ క్షణమే ఆపేయండి. మర్నాటికీ తగ్గకపోయినా, మళ్ళీ మళ్ళీ వస్తున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌నో, ఫిజియోథెరపిస్ట్‌నో కలవండి. వీలైతే గిటార్ వెంట తీసుకెళ్ళి, ఎలా పట్టుకున్నప్పుడు నొప్పి వస్తోందో వాళ్ళ ముందే పట్టుకుని చూపించండి.