ఉప్పునీటి అక్వేరియం చేపలకు పరాన్నజీవులు పడితే గుర్తించడం, చికిత్స చేయడం ఎలా?

చేప ఒంటిమీద తెల్లచుక్కలు కనిపించగానే నీటిలో కల్లుప్పు వేసి హీటరు పెంచమని సలహా ఇచ్చేవారు తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలామంది ఉన్నారు. అది మంచినీటి చేపలకు చేసే వైద్యం. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీటిలో బతికే చేపకు ఇంకొక గుప్పెడు ఉప్పు వేసి ప్రయోజనం లేదు. పైగా రెండు చోట్లా రోగం తెచ్చే జీవి ఒకటి కాదు. మంచినీటిలో తెల్లచుక్కలకు కారణం ఇక్తియోఫ్తిరియస్, సముద్రపు నీటిలో క్రిప్టోకారియాన్.

ముందుగా రోగమేదో తేల్చుకోవాలి

గది దీపాలు ఆర్పి, టార్చిని గాజుకు పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూడాలి. ఉప్పురవ్వల పరిమాణంలో, విడివిడిగా లెక్కపెట్టగలిగే చుక్కలు ఉంటే అది క్రిప్టోకారియాన్. చుక్కలు లెక్కకు అందనంత సన్నగా, బంగారు పొడి చల్లినట్లుగా ఉంటే అది వెల్వెట్ అని పిలిచే అమిలూడినియం. వెల్వెట్ సాధారణంగా మొప్పలలో మొదలవుతుంది కాబట్టి ఒంటిమీద ఏమీ కనిపించకముందే చేప వేగంగా ఊపిరి తీస్తూ, వెలుతురుకు దూరంగా, పంపు ప్రవాహానికి ఎదురుగా నిలబడిపోతుంది. రెండు మూడు రోజులలో తొట్టి మొత్తం ఖాళీ కావచ్చు. అందువల్ల చేప ఆరోగ్యంగా ఉన్నప్పుడే దాని మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయో లెక్కపెట్టి రాసి ఉంచుకోవాలి. ఈ పని చేయనివారు సముద్రపు చేపలను పెంచకపోవడమే మేలు.

క్లౌన్ ఫిష్ చర్మం మీద దళసరి జిగురు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవిని అనుమానించాలి. దానికి రాగి పనిచేయదు, ఫార్మలిన్ స్నానమే దిక్కు. కళ్లు మసకబారి, తల విదిలిస్తూ, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే అవి చాలావరకు ఫ్లూక్ అనే చదును పురుగులు, వాటికి ప్రాజిక్వాంటెల్ వాడాలి. ఆ మందు గుడ్లను చంపదు కనుక వారం లోపల రెండో మోతాదు తప్పనిసరి. రెక్కల అంచున కాలీఫ్లవర్‌లా గుత్తిగా పెరిగే గడ్డలు మాత్రం లింఫోసిస్టిస్ అనే వైరస్ వల్ల వస్తాయి. వాటికి మందు అవసరం లేదు, మంచి తిండి పెట్టి వదిలేయాలి.

చికిత్స తొట్టి

రోగమొచ్చిన చేపలను వేరుగా ఉంచి మందు వేయడానికి 80 నుంచి 100 లీటర్ల గాజు తొట్టి, స్పాంజి ఫిల్టరు, హీటరు, ఎయిర్ పంపు, చేప దాక్కోవడానికి ప్లంబింగ్ దుకాణంలో దొరికే పీవీసీ పైపు ముక్కలు ఉంటే చాలు. ఇసుక, రాయి, పగడపు ముక్క ఏదీ ఉండకూడదు, అవి రాగిని పీల్చుకుంటాయి. నీరు 26, 27 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ పంపు ఒకటి తప్పక ఉండాలి. దీనిని అసలు తొట్టికి కనీసం మూడు మీటర్ల దూరంలో పెట్టాలి, గాలి బుడగలు పగిలి ఎగిరే తుంపరలతో కూడా రోగం దాటుతుంది.

మంచినీటి స్నానం

అసలు తొట్టిలోని ఉష్ణోగ్రతకే తెచ్చి, చిటికెడు వంటసోడాతో పీహెచ్ సరిచేసి, గాలి బాగా పట్టించిన ఆర్‌వో నీటిలో చేపను ఐదు నిమిషాలకు మించకుండా ఉంచి చికిత్స తొట్టిలోకి మార్చాలి. బోరు నీరు వాడకూడదు. ఫ్లూక్ పురుగులుంటే తెల్లబడి అడుగుకు రాలతాయి. ఇది కొంత ఊరటే తప్ప వైద్యం కాదు, చర్మం లోపల దాగిన క్రిప్టోకారియాన్ దీనికి చావదు.

రాగి మందు

క్రిప్టోకారియాన్‌కూ వెల్వెట్‌కూ మందు రాగి. అందరూ పాడుచేసేది ఇక్కడే. మొదటి తప్పు, ఎరువుల దుకాణంలో తోటల కోసం అమ్మే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) తెచ్చి అంచనాతో వేయడం. దాని శుద్ధతకు హామీ లేదు. ఉప్పునీటిలో అది రోజురోజుకూ అడుగుకు దిగిపోతుంది. పనిచేసే మోతాదుకు, చంపే మోతాదుకు మధ్య దూరం అతి స్వల్పం. అక్వేరియం కోసం తయారైన కీలేటెడ్ రాగి ద్రావణమే, అంటే రాగి అడుగుకు దిగకుండా వేరే రసాయనంతో బంధించినదే వాడాలి. దాని స్థాయి లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. క్యుప్రమైన్ వంటి వేరే రకం మందులకు ఈ అంకె వర్తించదు, వాటి స్థాయి లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఒకదాని అంకెను ఇంకొకదానికి వాడితే చేప బతకదు. సీసా మీది వివరాలు ఎంత సన్నగా అచ్చైనా పూర్తిగా చదివిన తరువాతనే మూత తీయాలి.

మోతాదును అమ్మినవాడు చెప్పిన తొట్టి పరిమాణంతో కాక, నిజంగా ఉన్న నీటితో లెక్కించాలి. తొట్టి లోపలి కొలత 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, నీటి ఎత్తు 35 అయితే నీరు 84 లీటర్లు. ఆ మోతాదును ఒకేసారి పోయకుండా రెండు రోజులలో నాలుగు భాగాలుగా వేస్తూ, ప్రతిసారీ రాగిని కొలిచి చూడాలి. వెల్వెట్ అయితే అంత వ్యవధి ఉండదు, ఒక్క రోజులోనే పూర్తి స్థాయికి తేవాలి. రంగు చూసి పోల్చుకునే చవక కిట్లను నమ్మడం కంటే అంకె చూపించే డిజిటల్ పరికరం కొనడం మంచిది. ఒక టాంగ్ చేప ధరతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

ఇక స్థాయిని నిలబెట్టడం అసలు పరీక్ష. తిరుపతి ఎండల్లో నీరు త్వరగా ఆవిరవుతుంది, ఉప్పూ రాగీ మాత్రం తొట్టిలోనే మిగిలి చిక్కబడతాయి. అందువల్ల నీటి మట్టం దగ్గర గాజు మీద గీత గీసుకుని, తగ్గిన మేరకు ఉప్పూ రాగీ లేని ఆర్‌వో నీరే పోయాలి. అమోనియా పెరిగి నీరు మార్చవలసి వస్తే మాత్రం కొత్త నీటిలో ముందే ఉప్పుతో పాటు రాగిని కూడా అదే స్థాయికి కలపాలి. ఈ రెంటినీ తారుమారు చేసినవారే మందు పనిచేయలేదని ఫిర్యాదు చేస్తారు. అమోనియాను తగ్గించే రసాయనాలు రాగితో కలిసి విషంగా మారవచ్చు కాబట్టి వాటి జోలికి పోకూడదు. ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసివేయాలి.

నాలుగైదు రోజులకు చుక్కలు మాయమవుతాయి. సరిగ్గా అప్పుడే చాలామంది మందు ఆపుతారు. చుక్కలు పోయాయంటే పరాన్నజీవి చచ్చిందని అర్థం కాదు, అది చేపను వదిలి, అడుగున కోశం కట్టుకుని తన సంతతిని పెంచుకుంటోందని అర్థం. చర్మంలో ఉన్న దశనూ కోశంలో ఉన్న దశనూ రాగి తాకలేదు, కోశం పగిలి ఈదుకుంటూ వచ్చే పిల్లలను మాత్రమే చంపగలదు. కోశాలన్నీ ఒకే రోజున పగలవు, చాలావరకు మూడు రోజుల నుంచి నాలుగు వారాల లోపల పగులుతాయి. అందుకే రాగిని 30 రోజులు ఉంచాలి. మధ్యలో ఏ పూట కొలిచినా 2 కంటే తగ్గినట్లు తేలితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. చేప తిండి పూర్తిగా మానేస్తే మోతాదు పెంచడం ఆపి, ఉన్న స్థాయిలోనే కొన్నాళ్లు ఉంచాలి. మాండరిన్ వంటి పొలుసులు లేని చేపలు రాగిని సరిగా తట్టుకోలేవు.

వెల్లుల్లి కలిపిన తిండి, క్లీనర్ రొయ్యలు, యూవీ దీపం వంటివాటితో తగ్గిందని చెప్పేవారి మాటకు విలువ ఇవ్వనక్కరలేదు. వెల్లుల్లికి చేప తిండి తినవచ్చు, రోగం తగ్గదు. పగడాలున్న అసలు తొట్టిలో నేరుగా రాగి వేసేవారితో వాదించి లాభం లేదు. పగడాలు, రొయ్యలు, నత్తలు అన్నీ పోతాయి, ఆ రాళ్లు రాగిని చాలా కాలం పాటు వదులుతూనే ఉంటాయి.

అసలు తొట్టి

చేప లేనిచోట క్రిప్టోకారియాన్ పిల్లలు ఒకటి రెండు రోజులకు మించి బతకవు. కానీ అరుదుగా ఇంకా ఆలస్యంగా పగిలే కోశాల కోసం అసలు తొట్టిలో 76 రోజుల పాటు ఒక్క చేపను కూడా ఉంచకూడదు. పగడాలు, నత్తలు అక్కడే ఉండవచ్చు. ఒక తొట్టిలో ముంచిన వలను, చేతిని, గొట్టాన్ని తడి ఆరకుండా రెండో తొట్టిలో పెట్టకూడదు. 30 రోజుల తరువాత రాగిని కార్బన్‌తోనూ నీరు మార్చడంతోనూ తొలగించి, గడువు పూర్తయ్యే దాకా చేపలను ఆ చిన్న తొట్టిలోనే మేపాలి. ఈ గడువులో చెన్నై నుంచి ఎంత చవకగా కొత్త చేప వచ్చినా కొనకూడదు. తరువాత కొన్నదానిని కూడా ముందుగా చికిత్స తొట్టిలోకే దించాలి.