పోకర్ ట్రాకర్‌లో ముందుగా చూడవలసినవి మీ అంకెలే

పోకర్‌ట్రాకర్ 4, హోల్డెమ్ మేనేజర్ 3 వంటి, ఆడిన ప్రతి ఆటనూ నమోదు చేసి లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌ను (ట్రాకర్లను) చాలామంది ప్రత్యర్థుల గుట్టు తెలుసుకోవడానికే కొంటారు. టేబుల్ మీద ప్రతి పేరు పక్కనా అంకెలు చూపించే హడ్ మీదనే వారి ధ్యాసంతా ఉంటుంది. కాని ఒక్కో ప్రత్యర్థితో మీరు ఆడిన హ్యాండ్లు (ముక్కలు పంచి ఆడే ఒక్కో ఆట) పదులలోనో వందలలోనో ఉంటాయి, మీరు మాత్రం ప్రతి హ్యాండ్‌లోనూ ఉంటారు. ఆ డేటాబేస్‌లో నమ్మదగిన సమాచారం అందరికంటే ఎక్కువగా ఉన్నది మీ గురించే.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ ఆ నిషేధాన్ని తెచ్చింది. అందువల్ల ఈ వ్యాసం న్యూజెర్సీ, బ్రిటన్ వంటి చోట్ల లైసెన్సు ఉన్న సైట్లలో ఆడే తెలుగువారి కోసం. సైటు నిబంధనలను కూడా ముందే చదువుకోవాలి: జీజీపోకర్ బయటి హడ్‌లను అనుమతించదు, పోకర్‌స్టార్స్‌లో ఇతరులు ఆడిన హ్యాండ్లను సేకరించి వాడుకోవడం నిషిద్ధం.

మొదటి పని సైటు సెట్టింగ్స్‌లో హ్యాండ్ హిస్టరీ (ఆడిన హ్యాండ్ల రికార్డు) మీ కంప్యూటర్‌లో సేవ్ అయ్యేలా పెట్టుకోవడం. దాని భాష ఇంగ్లిష్‌లోనే ఉండాలి. లేకపోతే ట్రాకర్ చదవలేకపోవచ్చు. ఆ ఫోల్డర్ ఎక్కడుందో ట్రాకర్‌కు చూపిస్తే హ్యాండ్లన్నీ డేటాబేస్‌లోకి చేరతాయి. ఇందులో కష్టమేమీ లేదు.

తరువాత చూడవలసినవి రెండు అంకెలు. ఇష్టపూర్వకంగా ఎన్ని శాతం హ్యాండ్లలో డబ్బు పెట్టారో వీపీఐపీ చెబుతుంది. ప్రీఫ్లాప్‌లో, అంటే టేబుల్ మీద ఉమ్మడి ముక్కలు తెరవకముందు, ఎన్ని శాతం సార్లు రెయిజ్ చేశారో (పందెం పెంచారో) పీఎఫ్ఆర్ చెబుతుంది. ఆరుగురు ఆడే నో లిమిట్ (పందేనికి పరిమితి లేని) టేబుళ్ల మీద నిలకడగా ఆడేవారికి మొదటిది సుమారుగా ఇరవై నుంచి ఇరవై ఏడు మధ్య ఉంటుంది, రెండవది దానికి కొద్దిగా మాత్రమే తక్కువగా ఉంటుంది. మీవి 40, 8 అని కనిపిస్తే, బలహీనమైన ముక్కలతోనూ కాల్ చేస్తూ (ఎదుటివారి పందెంతో సరిపెడుతూ), పాట్‌ను (పోగైన పందెం డబ్బును) ఎదుటివారి చేతిలో పెడుతున్నారని అర్థం.

గెలుపోటముల అంకెను మాత్రం తొందరపడి నమ్మరాదు. గెలుపోటములను బిగ్ బ్లైండ్లలో, అంటే ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే రెండు పందేలలో పెద్దదానితో కొలుస్తారు. ఈ ఆటలో వంద హ్యాండ్లకు ప్రామాణిక విచలనం (ఫలితాలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే అంకె) సుమారు 90 బిగ్ బ్లైండ్లు అనుకుంటే, 10,000 హ్యాండ్ల తరువాత కూడా మీ సగటు తొమ్మిది బిగ్ బ్లైండ్లు అటో ఇటో ఊగవచ్చు. అంటే వందకు ఐదు గెలవగల ఆటగాడికి నష్టం కనిపించినా అందులో వింత లేదు. లక్ష హ్యాండ్లకు ఆ ఊపు మూడుకు తగ్గుతుంది.

అసలు సరుకు పొజిషన్ల (టేబుల్ దగ్గర మీరు కూర్చున్న స్థానాల) వారీ రిపోర్ట్‌లో ఉంటుంది. బిగ్ బ్లైండ్ పెట్టే స్థానం వరుసలో వంద హ్యాండ్లకు 40 బిగ్ బ్లైండ్ల నష్టం ఎర్రగా కనబడగానే కొత్తవారు కంగారు పడతారు. అక్కడ ప్రతి హ్యాండ్ ఫోల్డ్ చేసినా (ముక్కలు వదిలేసినా) వందకు సరిగ్గా వంద బిగ్ బ్లైండ్లు పోతాయి కనుక, నలభై నష్టం అంటే ఆట బాగానే ఉన్నట్టు. అదే వరుసలో 70 కనిపిస్తే అప్పుడు తవ్వాలి. బటన్ (ఫ్లాప్ తరువాత అందరికంటే చివర ఆడే డీలర్ స్థానం) నుంచి రెయిజ్ వచ్చినప్పుడు బిగ్ బ్లైండ్‌లో మీరు ఫోల్డ్ చేసిన హ్యాండ్లకు మాత్రమే ఫిల్టర్ పెట్టి చూడండి. బటన్ 2.5 బిగ్ బ్లైండ్లకు రెయిజ్ చేసి, స్మాల్ బ్లైండ్ (చిన్న తప్పనిసరి పందెం పెట్టినవారు) తప్పుకుంటే పాట్‌లో 4 ఉంటాయి: బటన్ పెట్టిన 2.5, మీ 1, స్మాల్ బ్లైండ్ వదిలిన 0.5. కాల్ చేయడానికి మీకు అయ్యేది 1.5 మాత్రమే. 5.5లో 1.5 అంటే సుమారు 27 శాతం ఈక్విటీ (పాట్‌లో సగటున మీకు రాగల వాటా) రాబట్టుకోగలిగితే చాలు. ఒకే గుర్తు (సూట్) ఉన్న 8, 7 వంటి ముక్కలు ఆ ఫోల్డ్ జాబితాలో కనబడితే డబ్బు కారుతున్న చోటు దొరికినట్టే. ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) తరువాత పొజిషన్ లేకుండా, అంటే ఎదుటివారికంటే ముందే ఆడాలి కాబట్టి ఈక్విటీ మొత్తం చేతికి రాదన్నది నిజమే. అయినా ఇటువంటి ముక్కలను వదులుకోవడానికి ఆ కారణం సరిపోదు.

ఆట మధ్యలో సందేహం కలిగించిన హ్యాండ్‌కు ట్యాగ్ పెట్టి, మరునాడు తీరికగా తిరిగి చూడడం మంచిది. గెలిచిన పెద్ద పాట్లను కూడా ఆ జాబితాలో చేర్చండి. రివర్‌లో (చివరి ఉమ్మడి ముక్కలో) అదృష్టం కాపాడిన చెడ్డ కాల్‌లు అక్కడే దాగి ఉంటాయి, వాటిని వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

లోపాలు ఐదారు కనబడినా ఒకసారికి ఒకటే సరిదిద్దుకోవాలి. మార్పు మొదలుపెట్టిన తేదీ నుంచి ఫిల్టర్ పెట్టి, పాత హ్యాండ్లతో కలపకుండా, బటన్ రెయిజ్‌కు మీరు ఫోల్డ్ చేస్తున్న శాతం తగ్గిందా అని మాత్రమే చూడండి. లాభనష్టాల కంటే ఆ శాతం చాలా తొందరగా స్థిరపడుతుంది, కనుక మార్పు నిజంగా అలవాటయిందో లేదో కొన్ని వేల హ్యాండ్లలోనే తెలిసిపోతుంది.