ఇంటి రికార్డింగ్‌కి చవకైన బేస్ గిటార్: ఏం చూసి కొనాలి

ఇంట్లో రికార్డింగ్ కోసమే బేస్ గిటార్ కొంటుంటే ఆంప్ అక్కర్లేదు. కేబుల్ నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి పంపే పెట్టె) వెళ్తుంది. కాబట్టి మీ వేళ్లని పక్కన పెడితే, రికార్డింగ్‌లో వినిపించేవి ముఖ్యంగా మూడే: పికప్పులు (తీగ కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగాలు), తీగలు, నెక్ ఎంత సరిగ్గా ఉందన్నది. చవక గిటార్లలో కూడా పికప్పులు ఇప్పుడు పనికొచ్చేలాగే వస్తున్నాయి. తయారీదారులు డబ్బు మిగుల్చుకునేది ఎక్కువగా చివరి సర్దుబాట్ల దగ్గరే. అందుకే బడ్జెట్ మొత్తం గిటార్ మీదే పెట్టేయకుండా, కొత్త తీగల సెట్టుకీ సెటప్‌కీ (నెక్ వంపు, తీగల ఎత్తు సర్దించడం) అయిదో వంతు దాచుకోండి.

పికప్ సంగతి ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఇంటి రికార్డింగ్‌కి పెద్ద శత్రువు హమ్, అంటే చుట్టూ ఉన్న కరెంటు పరికరాల నుంచి పికప్‌లోకి చేరే మోత. మానిటర్, ల్యాప్‌టాప్ చార్జర్ గిటార్‌కి రెండడుగుల దూరంలోనే ఉంటాయి. ఫెండర్ 1957లో ప్రెసిషన్ బేస్‌కి పెట్టిన రెండు ముక్కల పికప్‌లో ఒక ముక్క పట్టుకున్న హమ్‌ని రెండోది కొట్టేస్తుంది. ఒక్కటే గిటార్ కొనగలిగితే ఈ పి-తరహాదే కొనమని మా సలహా. జాజ్ బేస్ తరహాలో రెండు సింగిల్ కాయిల్స్ (ఒక్కో తీగచుట్టే ఉన్న పికప్పులు) ఉంటాయి. మామూలుగా రెండు వాల్యూములూ పూర్తిగా తెరిచినప్పుడే హమ్ పోతుంది, ఒకటి తగ్గించారా, మళ్లీ మొదలు. యమహా టిఆర్‌బిఎక్స్174 లాంటి పి/జె గిటార్లలో రెండు రకాలూ కలిసి వస్తాయి. అయితే జె పికప్ సింగిల్ కాయిల్ అయితే దాన్ని కలిపినంత మేరా హమ్ కూడా కలుస్తుంది. పి ఒక్కటే తెరిచి వాయిస్తే గొడవ లేదు.

9 వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ గిటార్లు చవక రకాల్లో వద్దు. ట్రెబుల్ పెంచగానే లోపలి ప్రీఆంప్ (సిగ్నల్ పెంచే సర్క్యూట్) బుసబుస బయటపడుతుంది, పైగా కేబుల్ గుచ్చి వదిలేస్తే బ్యాటరీ అయిపోతుంది. ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుకునే సదుపాయం) ఎలాగూ కంప్యూటర్‌లో ఉంది. అయిదు తీగలవీ అంతే: 31 హెర్ట్జ్ దగ్గర మోగే బి తీగ చవక గిటార్లలో తరచుగా వదులుగా, మసకగా పలుకుతుంది. అంత కింద స్వరం ఎప్పుడో గాని అవసరం పడనివాళ్లు నాలుగు తీగలది తీసుకుని ఇ తీగని డికి దించుకోవచ్చు. స్కేల్, అంటే మోగే తీగ పొడవు, మామూలుగా 34 అంగుళాలు. చేతులు చిన్నవైతే స్క్వయర్ బ్రాంకో లాంటి 30 అంగుళాలది హాయిగా ఉంటుంది, ధ్వని కాస్త గుండ్రంగా వస్తుంది.

ఇక చేతిలోకి తీసుకున్నాక చేసే పరీక్ష. మోడల్ కన్నా మీ చేతిలో ఉన్న ఆ ఒక్క పీసే ముఖ్యం. ఒక విజిటింగ్ కార్డు, మిల్లీమీటర్ల స్కేలు, ఫోన్‌లో ట్యూనర్, హెడ్‌ఫోన్స్ వెంట ఉంచుకోండి.

శ్రుతి చేశాకే ఏదైనా కొలవాలి, తీగ వదులైతే నెక్ వంపు మారిపోతుంది. ఇ తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ మీద కార్డు దూర్చమని పక్కవాళ్లని అడగండి. సుమారు 0.3 మి.మీ. సందు ఉండాలి, అంటే కార్డు తీగని ఎత్తకుండా దూరాలి. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సర్దే లోహపు కడ్డీ) బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి, ఒక్కసారికి పావు చుట్టే. రాడ్ అప్పటికే చివరిదాకా బిగిసిపోయి ఉంటే ఆ గిటార్ వదిలేయండి. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు చూడండి: ఇ తీగ కింద 2.5 మి.మీ., జి తీగ కింద 2 మి.మీ. దగ్గర్లో ఉంటే చాలు. ఎక్కువ ఉన్నా బ్రిడ్జి స్క్రూలతో దించవచ్చు.

ఇప్పుడు ఓపిక కావలసిన పని. నాలుగు తీగల మీదా 12వ ఫ్రెట్ దాకా ప్రతి స్వరాన్నీ ఒకే బలంతో మీటి, రెండు మూడు సెకన్లు వినండి. జి తీగ మీద అయిదు, ఏడు ఫ్రెట్ల మధ్య ఒక స్వరం టక్కున చచ్చిపోవడం బేస్ గిటార్లకి బాగా తెలిసిన జబ్బు, నెక్ కంపనం తీగ శక్తిని లాగేసుకోవడం వల్ల వస్తుంది. దాన్ని కంప్రెసర్ (చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించే సాధనం) పూర్తిగా పూడ్చలేదు, అదే మోడల్‌లో ఇంకో పీసు అడగండి. ఫ్రెట్ బజ్ హెడ్‌ఫోన్స్‌లో వినపడకపోతే వదిలేయొచ్చు. వినపడితే మాత్రం కంప్రెషన్ దాన్ని ఇంకా పైకి తెస్తుంది.

12వ ఫ్రెట్ హార్మోనిక్‌నీ (నొక్కకుండా ఫ్రెట్ మీద తీగని తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువైతే నెక్ వైపు జరపాలి. శాడిల్ జరగడానికి ఇంకా జాగా ఉందో లేదో చూడండి. చివరిగా కేబుల్ పెట్టి నాబ్‌లు తిప్పండి, జాక్ దగ్గర కేబుల్ కదిపి చూడండి. గరగర కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, జాక్ వదులైతే నట్టు బిగిస్తే సరి. సెకండ్‌హ్యాండ్‌లో ఇవి బేరానికి పనికొచ్చే లోపాలు. మెలి తిరిగిన నెక్ మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

ఇంటికొచ్చాక తీగలు మార్చండి. గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) 45 నుంచి 105 దాకా ఉండే రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) సెట్టు అన్నిటికీ సరిపోతుంది. వేళ్లు జారినప్పుడు వచ్చే కీచు చికాకు పెడితే ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టినవి) వేయండి. గేజ్ మారితే నెక్ వంపు మళ్లీ కొలవాలి.

ఇంటర్‌ఫేస్‌లో ‘ఇన్‌స్ట్రుమెంట్’ లేదా ‘హై-జెడ్’ ఆన్ చేయడం మర్చిపోవద్దు. పాసివ్ (బ్యాటరీ లేని) గిటార్‌ని లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పై స్వరాలు మొద్దుబారి, తప్పు గిటార్‌దేనని పొరపడతారు. 24 బిట్‌లో, గట్టిగా మీటినప్పుడు పీక్ మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టండి. ఖాళీ ఇ తీగ మూల స్వరం 41 హెర్ట్జ్, చిన్న స్పీకర్లలో అది దాదాపు వినిపించదు. అక్కడ బేస్ చాలడం లేదనిపించి ఈక్యూలో కింది భాగం పెంచే ముందు, అదే ట్రాక్ ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి.