ఫోన్‌లో దారి నేర్చుకుందాం – 3వ పాఠం: డేటా అయిపోయినా మ్యాప్ వాడటం

చోటు వెతకడం, బండికి తగ్గ దారి ఎంచుకోవడం గత రెండు పాఠాల్లో చూశాం. ఈసారి ఇంటర్నెట్ లేకుండా మ్యాప్ వాడటం నేర్చుకుందాం. ఊరి నుంచి వచ్చి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌లో బస్సు దిగేసరికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. లేదా రీఛార్జ్ గడువు సరిగ్గా అప్పుడే ముగుస్తుంది. ఇక మ్యాప్ పనిచేయదనుకుని చాలామంది ఫోన్ జేబులో పెట్టేసి, టెన్షన్‌తో ఆటో కోసం చూస్తారు. నిజానికి మ్యాప్ పనిచేస్తుంది. కాకపోతే ఇంటి దగ్గరే ఒక చిన్న పని చేసుకుని బయలుదేరాలి.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. తెర మీద కనిపించే నీలి చుక్క వేరు, దాని కింద ఉండే పటం వేరు. చుక్క ఎక్కడుండాలో జీపీఎస్ ఉపగ్రహాల వల్ల తెలుస్తుంది. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఎప్పుడూ సంకేతాలు పంపుతుంటాయి. కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందితే చాలు, ఒక్కొక్కటి చేరడానికి ఎంత సమయం పట్టిందో లెక్కగట్టి ఫోన్ తాను ఎక్కడుందో తెలుసుకుంటుంది. రేడియోలో వార్తలు వినడానికి డేటా అక్కర్లేనట్టే దీనికీ అక్కర్లేదు. డేటా కావాల్సింది పటానికే. ఆ పటాన్ని వైఫై ఉన్న చోట ముందే దించుకుంటే సరిపోతుంది.

గూగుల్ మ్యాప్స్ తెరిచి, పై మూలన ఉన్న మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. వచ్చిన జాబితాలో ‘ఆఫ్‌లైన్ మ్యాప్స్’ ఉంటుంది. అందులోకి వెళ్లి సొంతంగా ప్రాంతం ఎంచుకునే మాట నొక్కితే ఒక చతురస్రం వస్తుంది. పటాన్ని వేళ్లతో జరుపుతూ, దగ్గరకు దూరంగా చేస్తూ నగరం మొత్తం ఆ గీతల లోపల పడేలా చూడండి. చార్మినార్, హైటెక్ సిటీ మాత్రమే ఉంటే చాలదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు కూడా లోపలే ఉండాలి. ఎయిర్‌పోర్టుకు వెళ్లాల్సి వస్తే శంషాబాద్ వైపు పటం ఉండి తీరాలి కదా. ఎంత స్థలం పడుతుందో తెర మీదే చూపిస్తుంది. డౌన్‌లోడ్ నొక్కండి. ఈ పటాలకు గడువు ఉంటుంది, కాబట్టి అప్పుడప్పుడు తెరిచి అప్‌డేట్ చేసుకోండి.

ఇలా దించుకున్న పటం కారులో వెళ్లేవారికి దారి చెబుతుంది. ట్రాఫిక్ సంగతి మాత్రం చెప్పదు. నడిచి వెళ్లే దారి, సిటీ బస్సు, మెట్రో వివరాలు కూడా రావు. నడకకైతే ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ కూడా పెట్టుకోమంటాను. అది ఉచితం, ప్రకటనలు రావు, ఖాతా తెరవక్కర్లేదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం దీనికి ఆధారం. ఆ పటాన్ని మనలాంటి మామూలు మనుషులే గీస్తారు, సరిదిద్దుతారు. పటం ఒక్కసారి దించుకుంటే నెట్ లేకుండానే నడక దారీ చూపిస్తుంది. దుకాణాల పేర్లు మాత్రం గూగుల్‌లో ఉన్నన్ని దొరకవు. అందుకే నేను రెండూ ఉంచుకోమంటున్నాను.

డేటా లేనప్పుడు నీలి చుక్క కుదురుకోవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. మామూలుగా ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ఫోన్ నెట్ ద్వారా త్వరగా తెలుసుకుంటుంది. నెట్ లేకపోతే ఆ వివరం కూడా ఉపగ్రహాల నుంచే అందుకోవాలి. కాబట్టి సెల్లార్‌లోనో, బస్టాండ్ కప్పు కిందో నిలబడి చుక్క రావడం లేదని కంగారు పడకండి. ఆకాశం కనిపించే చోటికి వచ్చి కాసేపు ఆగండి. బేగంబజార్ లాంటి ఇరుకు సందుల్లో సంకేతాలు గోడలకు తగిలి తిరిగొస్తాయి కాబట్టి చుక్క పక్క వీధికి జరగవచ్చు. అక్కడ చుక్కను కాదు, వీధి మలుపులను నమ్మండి.

ఇక మన నగరంలో అందరినీ ఇబ్బంది పెట్టేది ఫ్లైఓవర్. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా సాగుతుంది, దాని కిందే మామూలు రోడ్డు ఉంది. పటంలో రెండూ ఒకే గీతలా కనిపిస్తాయి. జీపీఎస్ ఎడమ కుడి తేడాను పసిగట్టినంత బాగా పైకీ కిందికీ తేడా పసిగట్టలేదు. మీరు కింద రోడ్డు మీద అత్తాపూర్‌లో ఉన్నా, పైన ఉన్నారనుకుంటే యాప్ మలుపు చెప్పకుండా ఊరుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే సదుపాయాన్ని గూగుల్ 2024లో మన దేశంలోని 40 నగరాలకు ప్రకటించింది. ఆ మాట వినిపిస్తే శ్రద్ధగా వినండి. అయినా దాని మీదే ఆధారపడకండి.

బయలుదేరే ముందు దారి మొత్తం ఒకసారి వేలితో జరుపుకుంటూ చూడండి. ఫ్లైఓవర్ మొదలయ్యే చోట పటాన్ని బాగా పెద్దది చేస్తే మీ నీలి గీత మధ్య రోడ్డు మీద ఉందో, పక్క రోడ్డు మీద ఉందో తెలిసిపోతుంది. వెళ్లేది చుట్టాలింటికైతే దగ్గర్లోని ఫ్లైఓవర్ పిల్లర్ (స్తంభం) నంబర్ అడగండి. ‘ఫలానా పిల్లర్ దగ్గర దిగి ఫోన్ చేయండి’ అని ఆ రోడ్డు వాళ్లు ఎలాగూ చెబుతారు. నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి యాప్ తికమకపడినా ఎంత దూరం వచ్చారో మీకు తెలుస్తుంది. పొరపాటున పైకి ఎక్కేస్తే దయచేసి బండి ఆపకండి, వెనక్కి తిప్పకండి. ముందుకు వెళ్లి దిగండి, యాప్ కొత్త దారి వేస్తుంది. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు.

ఈ వారం అభ్యాసం: పటం దించుకున్నాక మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి, మీకు బాగా తెలిసిన చోటికే దారి అడగండి. లొకేషన్ మాత్రం ఆన్‌లోనే ఉండాలి. బండి నడుపుతున్నది మీరైతే తెర చూడకుండా మాటలే వినండి. యాప్ చెప్పిన దారికీ, మీరు రోజూ వెళ్లే దారికీ ఎక్కడ తేడా వచ్చిందో ఇంటికి వచ్చాక రాసి పెట్టుకోండి. ఆ కాగితం వచ్చే పాఠానికి కావాలి. పటంలో తప్పుగా ఉన్న చోటును మనమే ఎలా సరిచేయాలో అందులో చూద్దాం.